అరవై స్పీడు వెతుక్కుంటూ పంజాగుట్ట దాకా

మా వీధిలో కాశీ వెళ్లొచ్చినవాళ్లున్నారు, చార్‌ధామ్ వెళ్లొచ్చినవాళ్లున్నారు. టూరు కంపెనీతో సింగపూర్ చూసొచ్చి, ఇప్పటికీ ఆ కంపెనీ సంచితోనే రైతుబజారుకి వచ్చే ఆవిడ కూడా ఉంది. నేను మాత్రం అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వెళ్లొచ్చాను. నవ్వకండి. మ్యాపులో ఈ రెండింటి మధ్యా చిటికెన వేలు పట్టదు, నిజమే. మెట్రో ఎక్కితే సీటు వెతుక్కునేలోపు దిగాల్సొస్తుంది, అదీ నిజమే. మాకు కారులో రెండు రోజులు పట్టింది. కాశీ వెళ్లినవాళ్లు గంగాజలం తెచ్చుకున్నారు, నేను రెండు అల్యూమినియం బిళ్లలు తెచ్చుకున్నాను. ఇప్పుడు మా వంటింట్లో వేడి పప్పు గిన్నె దించేది వాటి మీదే. ఆ దారి ఎరగని కాకినాడ వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

మా తమ్ముడి ఇల్లు

మా తమ్ముడు సూరిబాబు అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందులో ఉంటాడు. ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్లు చూస్తాడు. ఆ సందులో గోడలు కనపడవు, అన్నీ బోర్డులే. ఇక్కడ ఏ భాషలు నేర్పుతారమ్మా అని ఒక కుర్రదాన్ని అడిగితే, మనుషులు మాట్లాడేవి తప్ప అన్నీ చెప్పింది. పొద్దున్నే సందు చివర బండి దగ్గర ఇడ్లీ తినేవాళ్లంతా చేతిలో ప్లేటు, చెవిలో ఇంటర్వ్యూ. మా ఊళ్లో టిఫిన్ దగ్గర రాజకీయాలు మాట్లాడతారు. ఇక్కడ ఎవడి సర్వర్ ఎందుకు పడిపోయిందో మాట్లాడుకుంటున్నారు.

మేనకోడలు లహరికి ఉద్యోగం వచ్చిందంటే, కాజా డబ్బా పట్టుకుని దీవించి వద్దామని వెళ్లాను. గుమ్మంలో అడుగు పెట్టేసరికి ఇల్లు ఇల్లంతా ముఖాలు ముడుచుకుని ఉంది. హాల్లో సర్దిన సూట్‌కేసు.

"ఎక్కడికే?" అన్నాను.

"హాస్టల్‌కి అత్తా. సోమవారం జాయినింగ్. శంషాబాద్ అవతల ఆఫీసు, పొద్దున ఆరింటికి షిఫ్టు. కారు ఇవ్వనన్నాడు నాన్న. ఇక ఇంట్లో ఉండి ఏం చేయను?"

సంగతేంటంటే, కిందటి నెల ఈ పిల్ల లైసెన్సు వచ్చాక మొదటిసారి ఒక్కతే కారు తీసుకుని ఔటర్ రింగ్ రోడ్డు మీదికి వెళ్లింది. అరవై దాటగానే స్టీరింగ్ గడగడా వణికింది. దాచకుండా ఇంటికొచ్చి తండ్రికి చెప్పింది. చెప్పినందుకు ఆయన అడిగిన మొదటి మాట, "ఎక్కడ గుద్దావు?"

ఎక్కడా గుద్దలేదంటుంది పిల్ల. తండ్రి వినడు. "దసరా నుంచి రోజూ నేనే నడుపుతున్నాను. నా చేతిలో ఒక్కసారి వణికిందా? నువ్వు ఒక్క రోజు పట్టుకెళితే వణికింది. ఏ డివైడరుకో తగిలించి ఉంటావు. నిజం చెప్పేదాకా తాళం లేదు" అని ఈయనగారి తీర్పు. కారు పోతే పోయింది, అబద్ధాలకోరు అన్న మాట ఆ పిల్లకి గుచ్చుకుంది. ఇరవై రెండేళ్లు పెంచి, ఒక్క వణుకుతో బిడ్డని ఇంట్లోంచి పంపేసుకుంటున్నాడు వీడు. నాకు ఒళ్లు మండింది.

"ఒరే సూరీ, ముందు బండికి రోగమేంటో తెలుసుకుందాం. తర్వాత తీరిగ్గా పిల్లని తిడుదువుగాని. పద" అన్నాను.

బయలుదేరే ముందు మా వాడి గురించి ఒక మాట. వాడింట్లోకి కొత్త వస్తువు ఏదొచ్చినా పసుపు, కుంకుమ, అక్షింతలు పడాల్సిందే. ఫ్రిజ్‌కి బొట్టు సరే. ఇన్వర్టర్‌కి బొట్టు, వైఫై డబ్బాకి బొట్టు, ఈ మధ్య మార్చిన బాత్రూం కొళాయికి కూడా బొట్టు. తుడవబోతే ఊరుకోడు. "పూజ చేసినవి తుడవకూడదు అక్కా" అంటాడు. మేం కూడా ఆయుధపూజ చేస్తాం గానీ, కొళాయిని ఆయుధం కింద ఎప్పుడూ లెక్కెయ్యలేదు.

యాదగిరి కొట్టు

శనివారం పొద్దున్న ముగ్గురం బయలుదేరాం. మొదటి మజిలీ అమీర్‌పేటలోనే, టైర్ల కొట్టు. యజమాని యాదగిరి, నలభై ఏళ్లవాడు, మెడలో తువ్వాలు, మొహం నిండా నవ్వు.

"ఏమైంది సార్ బండికి?"

"స్టీరింగ్ వణుకుతోందండి."

"ఎంత స్పీడ్‌ల?"

"అరవైలో" అన్నాడు మా తమ్ముడు.

యాదగిరి చేతిలో పానా కింద పెట్టి వాడి వంక చూశాడు. "అరవై యాడ దొరికింది సార్ మీకు? జర మాకు సుత చెప్పున్రి, మేం సుత పోతం."

చక్రాలు విప్పాడు. అప్పుడు చూశాను వాటిని. చక్రానికీ అది బిగించే హబ్బుకీ మధ్య తళతళలాడే అల్యూమినియం బిళ్లలు, మన గారెల్లాగే మధ్యలో చిల్లు. వాటిని స్పేసర్లంటారట. అవి పెడితే చక్రాలు కాస్త బయటికి పొడుచుకొచ్చి బండి వెడల్పుగా కనిపిస్తుందట. దసరాకి కొని పెట్టించుకున్నాడు మా వాడు. "ఠీవి అక్కా ఠీవి" అన్నాడు ఛాతీ వెడల్పు చేసి.

"మంచిగున్నయ్ సార్" అని యాదగిరి ఆ బిళ్లల్ని బండికే వదిలేసి, చక్రాలు మాత్రం తీసుకెళ్లి బ్యాలెన్సింగ్ మెషీన్‌కి ఎక్కించాడు. అది గిర్రున తిరిగి అంకెలు చూపించింది. ఆయన అంచుకి చిన్న చిన్న సీసం ముక్కలు అంటించాడు. మళ్లీ తిప్పితే సున్నా, సున్నా. "ఫికర్ చెయ్యకున్రి. గిప్పుడు వెన్న లెక్క పోతది" అన్నాడు. ఆయన ప్రశ్నలన్నీ మా తమ్ముణ్ని అడిగాడు, మా తమ్ముడు అన్నిటికీ ధీమాగా జవాబులు చెప్పాడు. వెనక సీట్లో కూర్చున్న పిల్లని ఇద్దరూ పట్టించుకోలేదు. నాకు కూడా అప్పటికి తట్టలేదు.

దారి

వణుకు పోయిందో లేదో తెలియాలంటే అరవై వెళ్లాలి. అరవై వెళ్లాలంటే రోడ్డు కావాలి. పంజాగుట్ట వైపు వెళితే దొరుకుతుందేమోనని బయలుదేరాం.

మా ఊళ్లో హారన్ కొడితే వస్తున్నానని అర్థం. ఇక్కడ ఇంకా ఇక్కడే ఉన్నానని అర్థం. పైన మెట్రో రైళ్లు వస్తున్నాయి, పోతున్నాయి. కింద మేం ఒకే పిల్లరు కింద ఎంతసేపున్నామో, దాని మీద అంటించిన హాస్టల్ ప్రకటన నాకు కంఠతా వచ్చేసింది. భోజనంలో వారానికి రెండుసార్లు చికెన్, వేడినీళ్లు ఉచితం. ఒకాయన కారు కిటికీ దగ్గరికొచ్చి జామకాయ కోసి, ఉప్పూ కారం రాసి, ఇచ్చి, చిల్లర కూడా తెచ్చిచ్చాడు. మేం అక్కడే ఉన్నాం. పక్కన ఆటో అతను "అమ్మా, గీడనే ఇల్లు కట్టుకుందామా?" అన్నాడు. స్థలం రేటెంతో కనుక్కోమన్నాను.

స్పీడు చూపించే ముల్లు ఇరవై తాకినప్పుడల్లా మా తమ్ముడు స్టీరింగ్ మీద చేతులు వదులుగా పెట్టి, "చూశావా అక్కా, వణుకే లేదు!" అంటాడు.

"ఇరవైలో అదెప్పుడూ వణకలేదు నాన్నా" అంది వెనక నుంచి లహరి. బయలుదేరాక అది మాట్లాడిన మొదటి మాట అదే.

పంజాగుట్టలో పోలీసు

అరవై దొరకలేదు గానీ, పనిలో పనిగా అదీ చూపించేద్దామని పంజాగుట్టలో చక్రాల వరస సరిచేసే ఒక అలైన్‌మెంట్ సెంటర్‌కి చేరాం. పేరెందుకులెండి. ఏసీ గది, అద్దాల తలుపు, టై కట్టుకున్న కుర్రాడు. కారుని ఎత్తు మీదికెక్కించి నాలుగు చక్రాలకీ నాలుగు పలకలు తగిలించాడు. తెర మీద ఎర్ర గీతలు పచ్చగా మారాయి. "అలైన్‌మెంట్ పర్ఫెక్ట్ సార్. అయినా వణుకుతోందంటే బ్రేక్ డిస్కులు అయ్యుండొచ్చు. లేదా టై రాడ్లు, లేదా బుష్షులు. సేఫ్‌సైడ్ మొత్తం మార్చేద్దాం సార్" అన్నాడు. వీలైతే మమ్మల్ని కూడా మార్చేసేలా ఉన్నాడు.

అప్పుడొచ్చింది పోలీసు జీపు. సరిగ్గా మా కారు వెనకే ఆగింది. అందులోంచి ఇన్‌స్పెక్టర్ దిగాడు. ఇస్త్రీ మడత నలగని యూనిఫాం, నల్ల కళ్లజోడు, మీసం. వచ్చి మా కారు చక్రాల దగ్గర వంగి, స్పేసర్ల వంక చూస్తూ నిలబడ్డాడు.

మా తమ్ముడికి ముచ్చెమటలు పోశాయి. బండికి ఇలాంటివి తగిలించడం రూల్సు ఒప్పుకోవని ఆఫీసులో ఎవరో వాడిని ఎప్పుడో భయపెట్టారట. "సార్! ఏదో సరదాపడి పెట్టించాను సార్! ఇప్పుడే తీయించేస్తాను సార్!" అంటూ చేతులు జోడించేశాడు. అలైన్‌మెంట్ కుర్రాడు కూడా టై సర్దుకుని అటెన్షన్‌లో నిలబడ్డాడు.

ఇన్‌స్పెక్టర్ కళ్లజోడు తీశాడు. "అయ్యో, నేను పోలీస్ కాదన్నా. ఆర్టిస్ట్‌ని. కృష్ణానగర్‌ల ఉంటా, పేరు భాస్కర్. జీప్ గూడ షూటింగ్‌దే. టైర్ అరుగుతుందంటే డ్రైవర్‌తోని వచ్చిన."

మా వాడి చేతులు ఇంకా జోడించే ఉన్నాయి. నాకు నవ్వాగలేదు. లహరికి కూడా ఆగలేదు. ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఆ పిల్ల నవ్వు వినడం అదే మొదలు.

ఇరానీ చాయ్

జీపు పని పూర్తయ్యేదాకా భాస్కర్‌ని పక్కనున్న ఇరానీ హోటల్‌కి తీసుకెళ్లాం. మనిషిని అంత భయపెట్టాక టీ అయినా తాగకపోతే బాగోదు కదా. కప్పు ఇరవై రూపాయలు. మా ఊళ్లో ఆ డబ్బుకి రెండు టీలొస్తాయి గానీ, రెండూ కలిపినా ఇంత చిక్కగా ఉండవు. ఉస్మానియా బిస్కెట్టు ముంచితే సగం కప్పులోనే మునిగిపోయింది. ఇక్కడివాళ్లు ముంచిన బిస్కెట్టుని ఎప్పుడు పైకి తీయాలో పుట్టుకతోనే నేర్చుకుంటారనుకుంటాను.

"మస్తు సినిమాలల్ల ఉన్న అమ్మా. ఎప్పుడు జూసినా హీరో ఎన్కలనే నిలవడాలె. ఒక్క డైలాగ్ ఇయ్యలే ఇప్పటిదాంక" అన్నాడు భాస్కర్. పాపం అనిపించింది. మా బండి గొడవంతా చెప్పాను, తండ్రీకూతుళ్ల తగాదాతో సహా.

ఆయన కప్పు కింద పెట్టాడు. కళ్లజోడు పెట్టుకున్నాడు. గొంతు మారిపోయింది.

"ఆ రోజు బండి నడిపింది ఎవరు?"

"మా అమ్మాయి సార్" అన్నాడు మా తమ్ముడు. ఆర్టిస్టని తెలిసి కూడా సార్ అన్నాడు.

"మరి పొద్దున నుంచి మెకానిక్‌లు అడుగుతుంటే జవాబు చెప్తుంది ఎవరు?"

పక్క టేబుల్ వాళ్లు కూడా టీ తాగడం ఆపారు. నాకు చెంప మీద ఎవరో తట్టినట్టయింది. నిజమే, ఆ వణుకుని తన చేతులతో తెలుసుకున్నది ఈ పిల్ల ఒక్కతే. దాన్ని ఒక్క ప్రశ్న అడిగిన వాళ్లు లేరు.

"చెప్పవే" అన్నాను.

లహరి చెప్పింది. ఆ పిల్ల దగ్గర అంత వివరం ఉందని ఎవరికి తెలుసు! "యాభైలోపు ఏమీ ఉండదు. అరవైకి మొదలవుతుంది, డెబ్భై ఐదుకి బాగా ఎక్కువ. బ్రేక్ వేసినా వేయకపోయినా ఒకటే, కాబట్టి డిస్కులు కాదనుకుంటా. సీటు వణకదు, చేతులే వణుకుతాయి. అంటే ముందు చక్రాలు. బ్యాలెన్సింగ్ సున్నా వచ్చింది. కానీ ఆ మెషీన్ చూసింది చక్రాన్నే. స్పేసర్లు బండికే ఉండిపోయాయిగా? వాటిని ఎవరూ చూడలేదు."

"స్పేసర్ల జోలికి రాకు" అన్నాడు తండ్రి వెంటనే. "అవి పెట్టి ఇన్ని నెలలైంది. నా చేతిలో వణకలేదు."

"నువ్వెప్పుడైనా అరవై వెళ్లావా నాన్నా?"

ఇంటి నుంచి ఆఫీసుకి, ఆఫీసు నుంచి ఇంటికి. రెండూ ఈ ట్రాఫిక్‌లోనే. మా తమ్ముడు ఇంకో బిస్కెట్టు ముంచాడు. భాస్కర్ లేచి, టోపీ పెట్టుకుని, "రేపు పొద్దుగాల రోడ్డు ఖాళీ ఉంటది. మీరే నడిపి చూడున్రి" అని తీర్పిచ్చి వెళ్లిపోయాడు. చాలా బాగా చేశాడు. ఆయనకి వేషాలు ఇచ్చేవాళ్లు ఆ రోజు ఆ హోటల్లో ఉండాల్సింది.

ఫ్లైఓవర్ మీద అరవై

ఆదివారం తెల్లారుతూనే పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కాం. నగరం మొహం కడుక్కోలేదింకా. పాల వ్యాన్లు, పేపర్లు కట్టలు కడుతున్నవాళ్లు, నడకకి బయలుదేరిన బంజారా హిల్స్ పెద్దలు. రోడ్డు ఎంత వెడల్పుందో మొదటిసారి కనిపించింది.

నడిపేది మా తమ్ముడు. పక్కన నేను, వెనక లహరి. నలభై వచ్చింది. వాడి జీవితంలో అదే పై మెట్టు. యాభై. వాడి పెదాలు కదులుతున్నాయి, ఏదో స్తోత్రం. దిగువలో బేగంపేట వైపు రోడ్డు తిన్నగా దొరికింది. ముల్లు అరవై మీదికి వచ్చింది.

స్టీరింగ్ గడగడమంది. వాడి చేతులు, ఆ చేతుల వెనక భుజాలు, భుజాల మీద తల, అన్నీ కలిసి ఊగాయి. కళ్లజోడు ముక్కు కొసకి జారింది.

"అక్కా! వణుకుతోందే! అక్కోయ్!"

వెనక నుంచి నెమ్మదిగా వినిపించింది. "ఎక్కడ గుద్దావు నాన్నా?"

నేను కిటికీ వైపు తిరిగి చీరకొంగు నోట్లో కుక్కుకున్నాను. మా వాడు ఇరవైలోనే అమీర్‌పేట దాకా తోలుకొచ్చాడు.

మళ్లీ యాదగిరి కొట్టు

యాదగిరి అప్పుడే షట్టర్ ఎత్తి అగరొత్తులు వెలిగిస్తున్నాడు. లహరి తనే ముందుకెళ్లి, "అన్నా, చక్రంతో పాటు స్పేసర్ కూడా తియ్యండి" అంది. యాదగిరి ఒకసారి మా తమ్ముడి మొహం చూశాడు. వాడు తల ఊపాడు.

చక్రం వచ్చింది. బిళ్ల రాలేదు. నూనె పోశాడు, చెక్క పెట్టి సుత్తితో తట్టాడు. చివరికి టపుక్కున ఊడొచ్చింది. యాదగిరి దాన్ని వెనక్కి తిప్పి చూశాడు.

"గిదేంది సార్? లోపల పులిహోర పెట్టిన్రా?"

వంగి చూశాం. బిళ్ల వెనక పచ్చగా, ఎండి గట్టిపడిన పసుపు ముద్ద. దాంట్లో కుంకుమ ఎర్ర మరక. ఒక పక్కకి అక్షింతల గింజలు, నలిగినవి కొన్ని, నలగనివి కొన్ని, రాయిలా అతుక్కుపోయి. హబ్బు మీద కూడా అదే పచ్చదనం. రెండో చక్రం విప్పితే అక్కడా అంతే, ఇంకాస్త భక్తిగా.

దసరా రోజు మా తమ్ముడు స్పేసర్లని పీట మీద పెట్టి, రెండువైపులా పసుపు పట్టించి, బొట్లు పెట్టి, తడి అక్షింతలు చల్లి, అలాగే పట్టుకెళ్లి కొట్టువాడికిచ్చాడు. బిగించేవాడు గుడ్డతో తుడవబోతే, "పూజ చేసినవి తుడవకూడదు" అని చెయ్యి పట్టుకుని ఆపాడట. ఇది వాడే, తర్వాత, చాలా చిన్న గొంతుతో చెప్పాడు.

"ఒక దిక్కు గింజంత ఎత్తు లేస్తే చక్రం వంకర గూసుంటది సార్. మెల్లగ పోతే తెల్వది. స్పీడ్‌ల పోతే ఊగుతది" అన్నాడు యాదగిరి. తర్వాత నట్టు చూపించాడు. నవ్వు పోయింది మొహంలోంచి. "ఇంకొకటి జూడున్రి. గీ బిళ్ల మందానికి నట్టు సగమే పట్టింది. నిన్న నేను సుత జూసుకోలే. ఇట్లనే తిరిగితే ఒకనాడు చక్రం ఒకదిక్కు, మనిషొకదిక్కు."

మా తమ్ముడు ఆ నట్టుని చేతిలోకి తీసుకున్నాడు. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక్కతే వెళ్లిన బిడ్డ గుర్తొచ్చిందో ఏమో, పక్కనున్న టైర్ల మీద కూలబడ్డాడు. నేను లహరి చెయ్యి పట్టుకున్నాను.

నాలుగు బిళ్లలూ తీసేశాం. హబ్బులు తీగ బ్రష్‌తో గీకి, ఉత్తి చక్రాలే బిగించి, మళ్లీ ఫ్లైఓవర్‌కి వెళ్లాం. ఈసారి లహరి నడిపింది. అరవై, డెబ్భై. స్టీరింగ్ మీద దాని వేళ్లు తేలిగ్గా ఆనించి ఉన్నాయి. అవి చూస్తూ నేను ఎంత దూరం వచ్చామో గమనించలేదు. వెనక సీట్లోంచి మా తమ్ముడు వంగి స్పీడు ముల్లునే చూస్తున్నాడు.

తిరిగొచ్చి, పనిముట్లు సర్దుతున్న యాదగిరి ముందు బండి ఆపాం. లహరి తాళం తీసి తండ్రి చేతిలో పెట్టింది. వాడు తాళాన్ని మళ్లీ ఆ పిల్లకే ఇవ్వబోయాడు. అది చెయ్యి చాపలేదు.

"నిజం చెప్పేదాకా తాళం లేదన్నావుగా నాన్నా. చెప్పు."

మా వాడు నా వైపు చూశాడు. నేను టైర్ల వైపు చూశాను. యాదగిరి ఆకాశం వైపు చూశాడు.

"నువ్వెక్కడా గుద్దలేదమ్మా" అన్నాడు సూరిబాబు. "నేనే. పసుపు రాసి, తుడవనివ్వకుండా బిగించింది నేనే. నువ్వు చెప్పింది మొదటి రోజు నుంచీ నిజమే."

అప్పుడు తీసుకుంది తాళం. ఇంటికెళ్లగానే సూట్‌కేసులో బట్టలు బీరువాలోకి వెళ్లిపోయాయి. స్పేసర్లలో రెండు నేను అడిగి తెచ్చుకున్నాను.

సోమవారం పొద్దున్న

ఆరింటి షిఫ్టుకి చీకటి ఉండగానే లేచారు. లహరి కారు దగ్గర నిలబడింది. మా తమ్ముడు లోపల్నుంచి పళ్లెంతో వచ్చాడు, పసుపు, కుంకుమ, అక్షింతలు. అలవాటుగా నేరుగా ముందు చక్రం దగ్గరికెళ్లి వంగాడు. చెయ్యి గాల్లో ఆగిపోయింది. లేచాడు.

"ఇవి మనుషులకి నాన్నా" అని లహరి వాడి ముందుకొచ్చి తల వంచింది.

వాడు అక్షింతలు వేశాడు. వేసి, చెయ్యి దాని తల మీదే ఉంచేశాడు, కళ్లు తుడుచుకోవడానికి రెండో చెయ్యి పళ్లెంతో ఖాళీ లేదు. నేను పళ్లెం అందుకున్నాను.

"అరవై దాటకమ్మా" అన్నాడు.

"ముందు దొరకాలిగా నాన్నా."

బండి స్టార్టు చేసింది. జుట్టులో పచ్చటి గింజలు అలాగే ఉన్నాయి. ఆఫీసులో అందరూ చూస్తారే, దులుపుకోవే అన్నాను కిటికీ దగ్గర. అద్దంలో ఒకసారి చూసుకుంది, తండ్రి వైపు ఒకసారి చూసింది.

"పూజ చేసినవి తుడవకూడదు అత్తా" అని, సందు మలుపు తిరిగి వెళ్లిపోయింది.